రెండు ఆవులు, ఆరు గొర్రెలు, ఒక పంది

1820లో, అమెరికాలోని మేన్ రాష్ట్రంలో, జోసెఫ్ ప్లమ్ మార్టిన్ అనే మాజీ సైనికుడు కోర్టులో తన ఆస్తి లెక్క చెప్పుకున్నాడు. కట్టుబట్టలు, పక్కబట్టలు పోగా రెండు ఆవులు, ఆరు గొర్రెలు, ఒక పంది. అంతే. అప్పటికి అతనికి అరవయ్యో ఏడు నడుస్తోంది. 1776లో, పదిహేనేళ్ళప్పుడు, సైన్యంలో చేరాడు. యుద్ధం అయ్యేదాకా ఉన్నాడు. యార్క్‌టౌన్ ముట్టడిలో కందకాలు తవ్వినవాళ్ళలో ఒకడు. ఆ యుద్ధంతో ఒక దేశం పుట్టింది. అది జరిగిన నాలుగు దశాబ్దాల తర్వాత, నెలకి 8 డాలర్ల కోసం, అతను ఒక గుమాస్తా ముందు నిలబడి తన పందిని లెక్కపెట్టి చూపించాల్సి వచ్చింది.

ఎందుకొచ్చిందీ అవసరం? 1818 మార్చిలో అమెరికన్ కాంగ్రెస్ ఒక చట్టం చేసింది. కాంటినెంటల్ సైన్యంలో కనీసం తొమ్మిది నెలలు పనిచేసి, ఇప్పుడు దిక్కులేని స్థితిలో ఉన్నవాళ్ళకి పెన్షన్ ఇస్తామంది. సిపాయికి నెలకి 8 డాలర్లు, అధికారికి 20. అనుకున్నదానికన్నా చాలా ఎక్కువమంది వచ్చారు. సర్కారుకి అనుమానం పట్టుకుంది, ఇంతమంది బీదవాళ్ళు ఎక్కణ్ణుంచి పుట్టుకొచ్చారని. అందుకని 1820లో ఇంకో చట్టం: బీదవాణ్ణని చెప్పుకుంటే చాలదు, ఆస్తి పట్టిక ఇవ్వు, ప్రమాణం చెయ్యి. తెల్లకార్డు కోసం ఇంట్లో ఫ్రిజ్ ఉందా, బండి ఉందా అని అడిగించుకున్నవాళ్ళకి ఇది పెద్ద వింతగా అనిపించదు. పట్టిక చూసి చాలామంది పేర్లు కొట్టేశారు కూడా.

రెండువందల ఏళ్ళ తర్వాత ఇప్పుడు ఆ కాగితాలే నిధి. అమెరికా స్వాతంత్ర్య ప్రకటనకి 2026తో 250 ఏళ్ళు. ‘మా వంశంలో ఆ యుద్ధంలో పోరాడినవాడు ఎవరైనా ఉన్నాడా, ఉంటే ఎక్కడ పూడ్చిపెట్టారు’ అని వెతుక్కోవడం అక్కడ చాలా కుటుంబాల్లో ఉన్న పనే. ఆ వెతుకులాట ఎలా జరుగుతుందో చూస్తూ పోతే నాకు ఆసక్తి కలిగింది ఆ సైనికుల మీద కాదు, వాళ్ళని వెతికే పద్ధతి మీద. ఎందుకంటే ఆ పద్ధతిలోనే ఒక ధర్మసంకటం ఉంది. చనిపోయినవాడికి మనం బాకీ ఉన్నామంటే ఏమిటి బాకీ? ఎవరికి?

ముందు కాగితాల సంగతి. 1800 నవంబరులో వాషింగ్టన్‌లోని యుద్ధశాఖ కార్యాలయం తగలబడింది. సైన్యం తాలూకు తొలి రికార్డులు చాలావరకు బూడిదయ్యాయి. అంటే ఫలానావాడు సైన్యంలో ఉన్నాడని చెప్పే కాగితం ప్రభుత్వం దగ్గరే సరిగ్గా లేదు. అందువల్ల పెన్షన్ అడిగినవాళ్ళు తమ కథ తామే చెప్పుకోవాలి. 1832లో మరో చట్టం వచ్చింది. ఈసారి బీదరికం అక్కర్లేదు, స్థానిక మిలీషియాలో చేసినా పర్లేదు, ఆరునెలలు ఉంటే చాలు. డెబ్భై, ఎనభై ఏళ్ళ ముసలివాళ్ళు కౌంటీ కోర్టులకొచ్చి యాభై ఏళ్ళ కిందటి సంగతులు చెప్తుంటే గుమాస్తాలు రాసుకున్నారు. ఏ కెప్టెన్ కింద చేశారు, ఏ నది దాటారు, ఎక్కడ జ్వరం వచ్చి పడిపోయారు. పక్కన ఒక పాత తోటి సైనికుడు, ఒక పాస్టరు సాక్ష్యం. వాళ్ళు చెప్పినవాటిలో తప్పులుంటాయి. తేదీలు కలిసిపోతాయి, ఒక జనరల్ పేరు బదులు ఇంకో జనరల్ పేరొస్తుంది. అయినా చదువుతుంటే మనిషి గొంతు వినిపిస్తుంది.

సైనికుల భార్యలకి పెన్షన్ ఇచ్చే చట్టాలు 1836లో, 1838లో వచ్చాయి. అప్పుడు పెళ్ళి జరిగిందని రుజువు చూపించాలి. ఊరి రిజిస్టర్లలో లేకపోతే? ఇంట్లో బైబిల్ ముందు పేజీల్లో పెళ్ళిళ్ళు, పుట్టుకలు, చావులు రాసుకునే అలవాటు వాళ్ళది. చాలామంది ఆ పేజీలు చింపి దరఖాస్తుకి జతచేసి పంపేశారు. అవి తిరిగి రాలేదు, ఫైల్లోనే ఉండిపోయాయి. ఇలాంటి ఫైళ్ళు దాదాపు 80,000 అమెరికా నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. ఇప్పుడు వాటిని ఇంట్లో కూర్చుని కంప్యూటర్లో చూడొచ్చు. ఇంట్లో పవిత్ర గ్రంథంలోంచి చింపిన కాగితం, వేలిముద్రకి బదులు పెట్టిన ఇంటూ గుర్తు, వణికిన సంతకం.

ఇక్కడ ఆగి ఒక మాట చెప్పాలనిపిస్తుంది. ఎవరు మిగిలారో చూడండి. యుద్ధంలో చనిపోయినవాడు పెన్షన్ అడగలేదు. ముప్ఫై ఏళ్ళకే పోయినవాడు అడగలేదు. డబ్బున్నవాడికి 1818లో అడిగే అర్హతే లేదు. పరువు అడ్డొచ్చి అడగనివాళ్ళూ ఉండే ఉంటారు, వాళ్ళ సంఖ్య ఏ ఫైలూ చెప్పదు. బతికి, ముసలివాడై, చితికిపోయి, నలుగురి ముందూ చెయ్యి చాపినవాడి గురించి మాత్రం మనకి నలభై పేజీలున్నాయి. వీరుడి చరిత్ర అనుకుని మనం తెరిచేది ఎక్కువసార్లు ఒక అర్జీ. అతను సిగ్గుతో చెప్పుకున్నదాన్ని మనం గర్వంతో చదువుతాం. అది తప్పని నేననను. కానీ ఆ సిగ్గుని కూడా చదవాలి కదా. మార్టిన్ విషయంలో అది ఇంకా చేదుగా ఉంటుంది. యుద్ధం అయ్యాక అతను మేన్‌లో కాస్త నేల చూసుకుని స్థిరపడ్డాడు. ఆ ప్రాంతమంతా తనదని దావా వేసిన భూస్వామి హెన్రీ నాక్స్. వాషింగ్టన్ సైన్యంలో ఫిరంగిదళాధిపతి, తర్వాత యుద్ధశాఖ కార్యదర్శి. 1797లో మార్టిన్ ఉంటున్న వంద ఎకరాలకి 170 డాలర్లు కట్టమన్నారు. అతను కట్టలేకపోయాడు. 1818 నాటికి చేతిలో సెంటు భూమి లేదు. 1830లో పేరు వేసుకోకుండా ఒక జ్ఞాపకాల పుస్తకం అచ్చువేశాడు. దేశం తమని వాడుకుని వదిలేసిందని అందులో మొహమాటం లేకుండా రాశాడు. ఆ పుస్తకాన్ని ఇవాళ చరిత్రకారులందరూ వాడుకుంటారు. అప్పట్లో అది పెద్దగా అమ్ముడుపోలేదు.

సరే, ఫైలు దొరికింది. ఆ ఫైల్లో ఉన్నవాడు మీవాడేనా? అసలు కష్టం ఇక్కడుంటుంది. అప్పట్లో జాన్‌లు, విలియమ్‌లు, థామస్‌లు వీధికి పదిమంది. ఒకే కౌంటీలో ఒకే పేరు, ఒకే ఇంటిపేరు ఉన్న ఇద్దరు, ముగ్గురు. ఒకడు బంకర్ హిల్‌లో పోరాడినవాడు, ఒకడు ఎక్కడికీ వెళ్ళనివాడు. మీకు ఎవరు కావాలి? మనసు ఎటు మొగ్గుతుందో చెప్పక్కర్లేదు. 1890లో స్థాపించిన ‘డాటర్స్ ఆఫ్ ది అమెరికన్ రెవల్యూషన్’ అనే సంస్థలో చేరాలంటే ఒక్కో తరానికీ పుట్టుక, పెళ్ళి, చావు కాగితాలతో నిరూపించాలి. ఒకప్పుడు వాళ్ళే ఒప్పుకున్న వంశావళుల్లో కొన్ని తర్వాత సరిగ్గా చూస్తే నిలవలేదు. ‘ఇంకా రుజువు కావాలి’ అని గుర్తుపెట్టారు. నాయనమ్మ, అమ్మమ్మ గోడకి ఫ్రేము కట్టించి పెట్టుకున్న తాతగారు ఒక ఉదయం పరాయివాడైపోతాడు. ఆ మాట ఇంట్లో ఎవరు చెప్పాలి? చెప్పాలా? నా వరకు చెప్పాలనే అంటాను. మన కోరిక కోసం ఒక చనిపోయినవాడి జీవితాన్ని ఇంకొకడికి అంటగట్టడం ఇద్దరికీ అన్యాయం. తనది కాని యుద్ధం ఒకడి నెత్తిన పడుతుంది, తనదైన యుద్ధాన్ని ఇంకొకడు పోగొట్టుకుంటాడు.

రక్తసంబంధం అంటారు. లెక్క వేద్దాం. ఇప్పుడు నలభై ఏళ్ళున్న అమెరికన్‌కీ ఆ సైనికుడికీ మధ్య తరానికి ముప్ఫై ఏళ్ళ చొప్పున సుమారు ఎనిమిది తరాలు. ఎనిమిదో తరం పైన ఒక మనిషికి 256 మంది పూర్వీకులుంటారు. సగటున ఒక్కొక్కరి వాటా అరశాతం కూడా కాదు. ఆ 256 మందిలో ఒక్కణ్ణి పట్టుకుని ‘ఇతనే నేను’ అంటున్నాం. మిగతా 255 మంది? వాళ్ళలో సగం మంది ఆడవాళ్ళు. రాజుకి విధేయంగా ఉండి ఆస్తులు పోగొట్టుకున్నవాళ్ళు ఉండొచ్చు. ఆయుధం పట్టనని భీష్మించిన క్వేకర్లు ఉండొచ్చు. బానిసలుగా కొనబడ్డవాళ్ళు ఉండొచ్చు, కొన్నవాళ్ళూ ఉండొచ్చు. అప్పటికింకా ఐర్లండులోనో జర్మనీలోనో బంగాళాదుంపలు తవ్వుకుంటూ ఈ యుద్ధం సంగతే తెలియనివాళ్ళు ఉండొచ్చు. 1977లో కరెన్ బాచెలర్ ఆ సంస్థలో సభ్యురాలైంది. ఆధునిక కాలంలో అక్కడ చేరిన మొదటి నల్లజాతి మహిళగా ఆమెని చెప్తారు. ఆమె చూపించిన పూర్వీకుడు పెన్సిల్వేనియాకి చెందిన తెల్లవాడు. 1939లో మేరియన్ ఆండర్సన్ అనే గొప్ప గాయనిని నల్లరంగు కారణంగా తమ హాల్లో పాడనివ్వని సంస్థ అదే. రక్తం సంగతి మొదలుపెడితే అది మనం గీసిన గీతల్లో ప్రవహించదు మరి.

(మన సంగతికొస్తే, తద్దినం పెట్టే ఇళ్ళలో కూడా మూడు తరాల పేర్లే పలుకుతారు. నాలుగో తరం పేరు అడిగితే పెద్దవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. మూడు తరాలు దాటాక పితృదేవతలంతా ఒకటే అనే ఏర్పాటు నాకెప్పుడూ కాస్త తెలివైనదిగానే అనిపిస్తుంది.)

పోనీ, మీవాడే అని తేలింది. ఇప్పుడు అతను ఏం చేశాడు? 1832 నాటి దరఖాస్తుల్లో తరచుగా కనిపించే వాక్యం ఒకటుంది, 1779లో జనరల్ సల్లివన్ కింద ఇండియన్ల మీదికి వెళ్ళాను అని. ఒక్క వాక్యం. ఆ ఏడాది వాషింగ్టన్ ఆజ్ఞ మీద సల్లివన్ సైన్యం ఇప్పటి న్యూయార్క్ రాష్ట్రంలోని ఇరోక్వా జాతుల ప్రాంతంలోకి వెళ్ళి నలభైకి పైగా ఊళ్ళు తగలబెట్టింది. కోతకొచ్చిన మొక్కజొన్న చేలు, కాపుకొచ్చిన పండ్లతోటలు నరికి కాల్చేశారు. ఇళ్ళు పోయినవాళ్ళు వేలమంది నయాగరా కోట చుట్టూ బ్రిటిష్‌వాళ్ళ దయమీద బతుకుతూ భయంకరమైన చలికాలం గడిపారు. ఆకలికీ చలికీ పోయినవాళ్ళు పోయారు. ఆ దండయాత్రలో సైనికులు డైరీలు రాసుకున్నారు. నేల ఎంత సారవంతమైనదో మెచ్చుకుంటూ రాశారు. యుద్ధం అయ్యాక న్యూయార్క్ రాష్ట్రం తన సైనికులకి అదే ప్రాంతంలో మనిషికి 600 ఎకరాల చొప్పున పంచింది.

కొందరు అంటారు, ‘ఆ కాలం వేరు, ఇప్పటి కొలతలతో కొలవకూడదు’ అని. అయితే ఇప్పటి గర్వంతో మాత్రం ఎందుకు కొలుస్తున్నారు? పతకం వారసత్వంగా వస్తుందీ, నిప్పు రాదూ అనడం కుదరదు. ఇంకొందరు అటు కొసకి వెళ్ళి, పూర్వీకుడి పాపం తమ నెత్తినే ఉందన్నట్టు మాట్లాడతారు. అదీ నాకు సరిగ్గా అనిపించదు. ఆ పొలం కాల్చింది నువ్వు కాదు, యార్క్‌టౌన్‌లో కందకం తవ్విందీ నువ్వు కాదు. ఘనత, దోషం రెండూ అతనితోనే పోయాయి. నీకు చేరింది వేరే ఉంది. ఆ 600 ఎకరాలు చేతులు మారుతూ వచ్చిన దారి ఉంది. ఆ దారిలో వచ్చిన చదువు, ఇల్లు, ఊళ్ళో పేరు ఉన్నాయి. అతని ఫైలు ఉంది. పూర్వీకుడి పట్ల వారసుడికి ఏదైనా బాధ్యత ఉందంటే, ఆ ఫైలుని మొదటి నుంచి చివరిదాకా చదవడమే అనుకుంటాను, నచ్చిన పేజీ దగ్గర మూసెయ్యకుండా.

ఫైలు ఉన్నా సరిగ్గా పలకని చోట్లూ ఉన్నాయి. జెహు గ్రాంట్ అనే అతను రోడ్ ఐలండ్‌లో బానిస. యజమాని బ్రిటిష్ పక్షం. తనని వాళ్ళ ఓడలకి పంపేస్తాడేమోనన్న భయంతో 1777లో పారిపోయి అమెరికన్ సైన్యంలో చేరాడు. పది నెలలు బళ్ళు తోలాడు. యజమాని వెతుక్కుంటూ వచ్చి పట్టుకుపోయాడు. 1832లో ముసలితనంలో పెన్షన్‌కి అర్జీ పెట్టుకుంటే తిప్పికొట్టారు. కారణం ఏమిటంటే, సైన్యంలో ఉన్నప్పుడు అతను పారిపోయిన బానిస కాబట్టి ఆ సేవ చట్టం కిందికి రాదట. 1836లో మళ్ళీ ఉత్తరం రాయించాడు. అప్పటికి చూపు పోయింది. స్వేచ్ఛ గురించి చుట్టూ అందరూ పాడుకుంటుంటే ఆ మాట తన గుండెకీ తగిలిందని అందులో చెప్పుకున్నాడు. పెన్షన్ మాత్రం రాలేదు. మార్టిన్ పందిని లెక్కపెట్టించుకున్న సర్కారే, ఇతను పారిపోయిన రోజుల్ని లెక్కపెట్టి, అవి నీవి కావంది. కానీ తిరస్కరించడానికి కూడా ఒక ఫైలు తెరవాలి కాబట్టి జెహు గ్రాంట్ మనకి మిగిలాడు. ఆ యుద్ధంలో అమెరికన్ల వైపు పోరాడిన నల్లవాళ్ళు సుమారు 5000 మంది అంటారు. అంతకన్నా ఎక్కువమంది స్వేచ్ఛ ఇస్తామన్న బ్రిటిష్‌వాళ్ళ వైపు పరిగెత్తారు. వాళ్ళని తప్పుపట్టడానికి నాకు నోరు రాదు.

ఇక సమాధి. ఇదింకా కష్టం. అంచనాల ప్రకారం ఆ యుద్ధంలో తుపాకీ దెబ్బకి పోయిన అమెరికన్ల కంటే జబ్బుకి, జైలుకి పోయినవాళ్ళు రెండింతలకి పైనే. బ్రిటిష్‌వాళ్ళు న్యూయార్క్ దగ్గర వాలబౌట్ అఖాతంలో పాత ఓడలని జైళ్ళుగా వాడారు. వాటిలో చనిపోయినవాళ్ళు 11,500 మంది ఉంటారని చెప్తారు. ఒడ్డున ఇసకలో పైపైన పూడ్చేవాళ్ళు. ఆటుపోట్లకి ఎముకలు బయటపడుతుంటే తర్వాతి తరాలు ఏరి పెట్టాయి. బ్రూక్లిన్‌లో ఫోర్ట్ గ్రీన్ పార్కులో 1908 నాటి ఎత్తైన స్తంభం కింద ఉన్నవి ఆ ఎముకలే, ఎవరివి ఏవో తెలియకుండా. ఫిలడెల్ఫియాలో వాషింగ్టన్ స్క్వేర్ అనే పార్కు కింద వేలమంది ఉన్నారు. 1950లలో అక్కడ తవ్వి ఒక సైనికుడి అవశేషాలు తీసి ‘అజ్ఞాత సైనికుడి సమాధి’ కట్టారు. ఆ ఎముకలు అమెరికన్ సైనికుడివో బ్రిటిష్ సైనికుడివో ఖచ్చితంగా తేలలేదు. నాకు ఆ సమాధి అందుకే నచ్చుతుంది. జెండా పాతినవాళ్ళకి ఇది ఇబ్బందిగానే ఉండుంటుంది.

దక్షిణ కరోలినాలోని కామ్డెన్ యుద్ధభూమిలో 2022లో 14 మంది సైనికుల అవశేషాలు తవ్వి తీశారు. 1780 ఆగస్టు 16న పోయినవాళ్ళు. కొందరు అడుగు లోతు కూడా లేని గోతుల్లో ఉన్నారు, కొందరు ఇంకా పద్ధెనిమిది నిండని కుర్రాళ్ళు. వాళ్ళలో ఒకరిద్దరు బ్రిటిష్ పక్షం వాళ్ళని కూడా గుర్తించారు. 2023 ఏప్రిల్‌లో అందరినీ సైనిక లాంఛనాలతో మళ్ళీ పూడ్చారు. డీఎన్‌ఏ తీసుకుని బంధువుల కోసం వెతకడం మొదలుపెట్టారు. చూడండి, ఇక్కడ పని తిరగబడింది. వారసుడు పూర్వీకుణ్ణి వెతకడం లేదు, ఎముక వారసుణ్ణి వెతుక్కుంటోంది. ఆ పద్నాలుగేళ్ళ, పదిహేనేళ్ళ పిల్లలకి పిల్లలు లేరు. ఉన్నా అక్కచెల్లెళ్ళ, అన్నదమ్ముల సంతానమే. నేరుగా మనవళ్ళు, మునిమనవళ్ళు లేని మనిషిని ఎవరు తమవాడనుకోవాలి?

దీనికి అమెరికా ప్రభుత్వం దగ్గర అనుకోకుండా ఒక మంచి జవాబుంది. గుర్తులేని పాత సైనికుల సమాధులకి అక్కడి వెటరన్స్ శాఖ ఉచితంగా రాయి ఇస్తుంది. కొన్నాళ్ళు, దగ్గరి బంధువు అడిగితేనే ఇస్తామని పట్టుబట్టారు. రెండువందల ఏళ్ళ కిందటివాడికి దగ్గరి బంధువు ఎక్కణ్ణుంచి వస్తాడని ఊళ్ళో చరిత్ర పట్టించుకునేవాళ్ళు గొడవచేశారు. 2016లో నిబంధన మార్చారు. 1917 ఏప్రిల్ 6కి ముందు సేవ ముగిసినవాళ్ళ కోసం ఎవరైనా అడగొచ్చు. ఎవరైనా. మన మహాలయ పక్షంలో తర్పణాలు వదిలేటప్పుడు, నావాళ్ళు అనేవాళ్ళెవరూ లేనివాళ్ళకి కూడా అని ఒక దోసెడు నీళ్ళు వదులుతారు. ఆ రెండూ ఒకే ఆలోచన అని నాకనిపిస్తుంది, ఒకటి ఫారం రూపంలో, ఇంకొకటి నీళ్ళ రూపంలో. అయితే ఫారం ఒకటి అడుగుతుంది: అతను సైన్యంలో ఉన్నాడనడానికి రుజువు. మళ్ళీ కాగితం. జోసెఫ్ మార్టిన్‌కి అదుంది. మేన్‌లోని శాండీ పాయింట్ శ్మశానంలో రాయీ ఉంది, ‘విప్లవ సైనికుడు’ అన్న అర్థంలో మాటతో.

కామ్డెన్‌లో ఆ కుర్రాళ్ళని ఓడించిన బ్రిటిష్ సేనాని కారన్‌వాలిస్. మరుసటి ఏడాది యార్క్‌టౌన్‌లో లొంగిపోయినవాడూ అతనే. ఐదేళ్ళకి మనకి గవర్నర్ జనరల్‌గా వచ్చాడు. 1805లో గంగ ఒడ్డున ఘాజీపూర్‌లో చనిపోయాడు. అక్కడ అతని సమాధి పెద్ద గుమ్మటం, చుట్టూ స్తంభాలు, తోట. ఇప్పటికీ భారత పురావస్తు శాఖే చూసుకుంటోంది. ఓడిపోయిన దేశంలో అతనికి సమాధి అక్కర్లేదు, గెలిచిన దేశంలో కట్టారు.

ఆ యుద్ధం అమెరికాలోనే జరగలేదు. ఫ్రాన్స్ అమెరికన్ల పక్షాన దిగాక బ్రిటిష్‌వాళ్ళు 1779లో మలబారు తీరంలో ఫ్రెంచివాళ్ళ మాహేని పట్టుకున్నారు. హైదరాలీకి మండింది. 1780లో కర్ణాటక మీద పడ్డాడు. అతనికి ఎదురెళ్ళడానికి కల్నల్ విలియం బెయిలీ దళం బయల్దేరింది గుంటూరు సీమ నుంచి. కంపెనీ సిపాయిల్లో తెలుగువాళ్ళు ఎంతమంది ఉండేవాళ్ళంటే, ఉత్తరాదిలో సిపాయి అనడానికి ‘తిలంగా’ అన్న మాటే వాడుకలోకొచ్చింది. కామ్డెన్ జరిగిన సరిగ్గా ఇరవై అయిదు రోజులకి, సెప్టెంబరు 10న, కంచికి దగ్గర్లోని పుల్లలూరులో ఆ దళం తుడిచిపెట్టుకుపోయింది. బెయిలీ శ్రీరంగపట్నం చెరలో 1782లో పోయాడు. అతని బంధువు 1816లో అక్కడ అతనికి స్మారకం కట్టించాడు. టిప్పు తన దరియా దౌలత్ గోడ మీద ఆ యుద్ధాన్ని రంగుల్లో వేయించుకున్నాడు. పుల్లలూరులో నిలబడి ఉన్న స్తంభాలు ఇంగ్లీషు అధికారులవి.

గుంటూరు నుంచి నడిచి వెళ్ళిన సిపాయిలు కూడా ఏదో ఒక ఊళ్ళో ఎవరి ఇంట్లోనో పుట్టినవాళ్ళే. ఇది చదువుతున్న మీ 256 మందిలో ఒకడు అందులో ఉండొచ్చు. అతను ఎవరి పక్షాన పోరాడాడో, ఎందుకు చేరాడో, జీతం కోసమో కరువుకో, అతనికి ఎన్ని ఆవులుండేవో అడిగి రాసుకున్న గుమాస్తా లేడు.